మూడు నావి, ఎనిమిది కావు

కొత్త గదిలోకి అడుగుపెడితే అందరూ చుట్టూ చూస్తారు. అతను వంగి నేలను తడతాడు. చూపుడువేలు మడిచి, కణుపుతో రెండుసార్లు. ఆగి వింటాడు. ఒక అడుగు జరిగి మళ్లీ రెండుసార్లు. ఆస్పత్రి వరండా అయినా, బస్సు మెట్టయినా, చుట్టాలింటి గోడయినా అంతే. వాళ్లుండే మూడంతస్తుల బిల్డింగులో చిన్నప్పుడే టకటక అని పేరు పెట్టారు. వెక్కిరించడానికి పెట్టిన పేరే. అతనికి ముప్పై నాలుగేళ్లు వచ్చేసరికి అందులోని వెక్కిరింపు అరిగిపోయి పేరొక్కటే మిగిలింది. పిలిస్తే అతనూ పలుకుతాడు.

అతని సంగతి చెప్పాలంటే ముందు ఒక డబ్బా సంగతి చెప్పాలి.

నీలం రంగు రేకు డబ్బా, మూత ఒకవైపు సొట్ట. వంటగదిలో పై అర మీద ఉండేది. అతనికి ఆరేళ్లప్పుడు వాళ్లమ్మ దాన్ని మొదలుపెట్టింది. ఎదురింటి గోడగడియారం చప్పుడు భరించలేక, అతను దాన్ని తీసుకెళ్లి మెట్ల మీంచి వదిలేశాడు. ఆ సాయంత్రమే వాళ్లమ్మ అప్పు చేసి కొత్త గడియారం కొనిచ్చింది. ఆమె బడిలో ఆయా. ఆ నెల నుంచి జీతంలో కొంత విడిగా తీసి ఆ డబ్బాలో వేసేది. ఇంట్లో దాన్ని పగుళ్ల డబ్బా అనేవాళ్లు.

ఆమెకో పద్ధతి ఉండేది. ఎవరైనా తలుపు కొట్టి "మీవాడు..." అనగానే, మిగతా మాట వినకుండా డబ్బా దించేది.

"ఎంత?"

"ఏం పగిలిందో అడగవేంటమ్మా?" అని కూతురు విసుక్కునేది.

"అడిగితే నలుగురు పోగవుతారు. ఇచ్చేస్తే పోతారు."

బిల్డింగుకి ఈ సంగతి అర్థం కావడానికి ఎంతోకాలం పట్టలేదు. మెట్ల దగ్గర బల్బు పోతే ఇటే వచ్చారు. సైకిలు అద్దం పగిలితే ఇటే వచ్చారు. పై అంతస్తులో ఉండే ఆవిడని అందరూ మేడత్త అంటారు. ఆవిడ పూలకుండీ పగిలినప్పుడు కూడా ముక్కలు చేటలో వేసుకుని ఇటే దిగివచ్చింది. అప్పుడు టకటకకి పదహారేళ్లు.

"పిల్లి," అన్నాడు అతను తలుపు దగ్గరే నిలబడి.

"ఏంట్రా?"

"కుండీ. మీ పిల్లి. తోక తగిలింది."

"చూశావా వదినా, పగలగొట్టి పైగా నోరులేని జీవం మీద పెడుతున్నాడు!"

వాళ్లమ్మ అతని చెయ్యి గట్టిగా నొక్కింది. "ఊరుకో నాన్నా." డబ్బా దిగింది. మేడత్త పైకి వెళ్లిపోయింది. అతను మాత్రం రాత్రి అన్నానికి పిలిచేదాకా గుమ్మంలో కూర్చుని "పిల్లి, పిల్లి" అంటూనే ఉన్నాడు.

అతను అబద్ధమే ఆడడని కాదు. స్నానం చెయ్యకుండానే చేశానని లెక్కలేనన్నిసార్లు చెప్పాడు. కానీ పగిలిన వస్తువు దగ్గర మాత్రం తనదైతే "నేనే" అనేవాడు, తనది కాకపోతే "నేను కాదు" అనేవాడు. ఆ రెండు మాటల్నీ ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. తీసుకుంటే పేచీ వస్తుంది. పేచీ వస్తే ఇల్లు ఖాళీ చెయ్యమంటారు. అలా భయపడి బతికే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మన పక్కింట్లోనే ఉండొచ్చు. మనం ఎప్పుడూ అడిగి ఉండం.

పందొమ్మిదో ఏట ఒక డాక్టరు అతనితో గంటసేపు మాట్లాడి, కాగితం మీద ఆటిజం అని రాసిచ్చాడు. వాళ్లమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికి మందుందా అండీ?"

"జబ్బు కాదమ్మా, మందు ఉండటానికి. అతని తీరే అంత."

"సరేనండి. మరి పగిలినవాటికి డబ్బులెవరివ్వాలి?"

డాక్టరు నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆ ప్రశ్నకి జవాబు ఆ కాగితం మీద లేదు. ప్రేమగా ఉండమనీ ఓపిక పట్టమనీ చెప్పేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. పగిలిన అద్దం ఖరీదు దగ్గరికి వచ్చేసరికి ఆ పదిమందీ తల్లి మొహంకేసే చూస్తారు.

ఇంకో ముచ్చట. అతనికి ఇరవై ఆరేళ్లప్పుడు, కూడా పనిచేసేవాడొకడు వాయిదాల మీద ఫోను కొంటూ పూచీ సంతకానికి ఇతన్ని తీసుకెళ్లాడు. ఫోన్ల కొట్టువాడు కాగితం ముందుకు తోశాడు, ఇతను పెట్టాడు. మూడో వాయిదాకే స్నేహితుడు ఊరు దాటేశాడు. మిగిలిన పద్నాలుగు వాయిదాలూ పగుళ్ల డబ్బా కట్టింది. అదే నెలలో తన కూలీలోంచి అమ్మ ఇచ్చిన కాస్త దాచుకుందామని బ్యాంకుకి వెళితే, కిటికీ అవతలి మనిషి ఇతని చూపుడువేలు గాజుని తట్టడం చూసి, "ఇంట్లో పెద్దవాళ్లని తీసుకురా బాబూ, నీ సంతకం చెల్లదు," అన్నాడు. అప్పుకి చెల్లిన చెయ్యి పొదుపుకి చెల్లలేదు. ఈ న్యాయం ఎవరు రాశారో కనుక్కుని ఒకసారి వాళ్లింటి గోడ కూడా తట్టి చూడాలి.

మూడేళ్ల కిందట వాళ్లమ్మ పోయింది. ఆఖరి వారంలో కూతుర్ని దగ్గరికి పిలిచి చెప్పింది.

"ఎవరేమన్నా ఇచ్చెయ్యి. వాడి జోలికి రాకుండా ఉంటే చాలు."

అక్కకి అప్పటికి ముప్పై ఎనిమిది. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి మడతపెట్టే పని. "కొందరికి అమ్మ నగలు వస్తాయి. నాకు పగుళ్లొచ్చాయి," అని కూడా పనిచేసేవాళ్లతో నవ్వుతూ అనేది. కుట్టుమిషను కొనుక్కోవాలని రెండుసార్లు డబ్బు కూడబెట్టింది. రెండుసార్లూ డబ్బా తినేసింది.

ఇక అతని పని.

ఇరవై ఏళ్లప్పుడు బిల్డింగు మెట్లకి టైల్స్ వేయిస్తుంటే, ఇతను వెనకాలే ఒక్కో మెట్టూ తడుతూ వచ్చాడు. "డొల్ల," అన్నాడు ఒకచోట. ఇంకో రెండు మెట్లెక్కి మళ్లీ, "డొల్ల." తాపీ మేస్త్రీకి ఒళ్లు మండింది. ఎవడ్రా నువ్వు అని లేవబోయి, ఎందుకైనా మంచిదని ఆ టైల్ ఎత్తి చూశాడు. కింద సగం ఖాళీ. రెండోది ఎత్తాడు. అదీ అంతే.

మేస్త్రీకి అప్పటికే చెవులు మందగించాయి. పాతికేళ్లు రాయి కోసే మిషన్ల పక్కన కూర్చున్న చెవులు. తాను ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో తనకే తెలియదు. గుసగుస అనుకుని అన్నది వీధి చివర వినపడుతుంది.

"నా చెవులు మిషన్లు తినేశాయబ్బాయ్!" అని అరిచాడు. "నీవి నాకు అద్దెకిస్తావా?"

టకటక కాసేపు ఆలోచించాడు. "అద్దె ఎంత?"

అలా మొదలై పద్నాలుగేళ్లు. టైల్ కింద సిమెంటు జిగురు నేలంతా పరవాలి. అంచుకి పళ్లున్న తాపీతో చాళ్లు గీయాలి. ఆ చాళ్ల మీద టైల్ని అదిమి కూర్చోబెట్టాలి. అప్పుడది తడితే గట్టిగా పలుకుతుంది. తొందర పనివాళ్లు అలా చెయ్యరు. టైల్ వెనక నాలుగు మూలలా నాలుగు, నడుమ ఒకటి, ఐదు ముద్దలు పెట్టి అంటించేస్తారు. సగం జిగురు మిగులుతుంది, సగం రోజు మిగులుతుంది. పైకి చూస్తే రెండూ ఒకటే. ఏ బరువైన సామానో పెట్టిన రోజున ముద్దకీ ముద్దకీ మధ్య ఖాళీలో టైల్ పగులుతుంది. అప్పటికి కాంట్రాక్టరు డబ్బు తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు.

టకటక మట్టం చూసేవాడు, చాళ్లు గీసేవాడు, చివర్న టైల్స్ మధ్య సందులు నింపేవాడు. మిషన్ మోగేటప్పుడు చెవులకి మందపాటి మూతలు పెట్టుకునేవాడు. రోజుకి ఎక్కువ టైల్స్ వెయ్యలేడు. ఒక వరసలో వెంట్రుకంత తేడా వచ్చినా లేచి మళ్లీ వేసేవాడు. మేస్త్రీ తిట్టుకుంటూనే భరించేవాడు. వారం కూలీ మాత్రం అతని చేతికి వచ్చేది కాదు. "వాడి చేతికిస్తే ఏం చేసుకుంటాడు?" అని కాంట్రాక్టరు ముందు అమ్మకి, ఆమె పోయాక అక్కకి ఇచ్చేవాడు. వాళ్లు అందులో కొంత పగుళ్ల డబ్బాలో వేసేవాళ్లు. అప్పట్నుంచీ మేడత్త పిల్లి పగలగొట్టినవాటికి కూడా అతని చెమటే ధర కట్టిందన్నమాట.

గొడవ పళ్ల ఆస్పత్రిలో జరిగింది.

ఆ ఆస్పత్రి ఇంకా తెరవలేదు. పెద్ద గదిలో రోగుల్ని కూర్చోబెట్టే బరువైన కుర్చీ బిగించాలి. గది నేలకి నలభై పెద్ద టైల్స్. వాటిని వేరే జట్టు వేసి వెళ్లింది. సందులు నింపడానికి మేస్త్రీనీ టకటకనీ పిలిపించారు. టకటక వెళ్లగానే అలవాటుగా తట్టడం మొదలుపెట్టాడు. డొల్లగా పలికిన ప్రతి టైల్ మీదా సుద్దతో సున్నా చుట్టాడు. పదిహేడు సున్నాలు.

"డొల్ల," అన్నాడు కాంట్రాక్టరుతో. "పదిహేడు."

"నిన్ను తట్టమన్నానా, నింపమన్నానా?"

"డొల్ల మీద నింపితే లాభం లేదు."

"లాభం నష్టం నాకొదిలెయ్. ఆ సున్నాలు తుడువు. ఆ చెవుల మీద దొప్పలేంటి? డాక్టరమ్మ వచ్చే టైము. ఎవడో తేడాగాణ్ణి పెట్టుకున్నాననుకుంటుంది. తీసెయ్."

టకటక మూతలు తీశాడు, సున్నాలు మాత్రం తుడవలేదు. పక్క గదిలో రాయి కోసే మిషన్ మొదలైంది. అది మన చెవికి రొద. అతనికి అలా కాదు, దవడలో మొదలై పుర్రెలోకి దిగుతుంది. అయినా కూర్చుని రెండు సందులు నింపాడు. మూడోది నింపుతూ డొల్ల టైల్ మీద చెయ్యి ఆనించాడు. అది అడుగు నుంచి గుయ్యిమని వణుకుతోంది. అతను లేచి మేస్త్రీ సుత్తి తీసుకున్నాడు.

మిషన్ ఆపి మనుషులు పరిగెత్తుకొచ్చేసరికి పదకొండు టైల్స్ ముక్కలై ఉన్నాయి. అతను మూల కూర్చుని చేతులతో చెవులు మూసుకుని ఊగుతున్నాడు.

అక్కకి లాండ్రీలో ఫోను వచ్చింది. "మీవాడు..." అన్నంతవరకే విన్నది. అచ్చం తల్లిలాగే మిగతాది వినలేదు. ఇంటికి పరిగెత్తి, పై అర మీంచి డబ్బా దించి, చంకలో పెట్టుకుని పళ్ల ఆస్పత్రికి చేరింది. వచ్చేసరికి గంటన్నర గడిచింది.

కాంట్రాక్టరు సిమెంటు బస్తా మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో కాగితం సిద్ధం.

"చూడమ్మా, నీ మొహం చూసే ఇన్నాళ్లూ వీణ్ణి పెట్టుకున్నాను. పదకొండు టైల్స్. మళ్లీ తెప్పించాలి, మళ్లీ వేయించాలి, ఆలస్యానికి డాక్టరమ్మ నన్ను కోస్తుంది. మొత్తం ఇదీ."

చూపించిన అంకె ఆమె రెండు నెలల జీతం. ఆమె డబ్బా మూత తీసింది.

"ఇందులో ఉన్నది తీసుకోండి. మిగతాది నెలనెలా..."

"డబ్బొక్కటే కాదు. ఇక్కడ ఒక సంతకం కూడా."

ఆమె చదివింది. *నా తమ్ముడు తన మంచిచెడ్డలు తాను చూసుకోలేని మనిషి గనుక, అతను చేసిన, చేయబోయే నష్టాలన్నిటికీ పూచీ నాదే. అతని కూలీని ఆ నష్టాల కింద జమ చేసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.*

"చేయబోయే అంటే?"

"అంటే ముందుముందు. అంతా మామూలే. నువ్వు పెట్టావంటే వీడు రేపట్నించి పనిలో ఉంటాడు. పెట్టలేదంటే, నేనే కాదు, ఈ చుట్టుపక్కల ఏ కాంట్రాక్టరూ వీణ్ణి గడప తొక్కనివ్వడు. ఆలోచించుకో."

ఆలోచించుకోవడానికి ఏముంది? ఈ పని పోతే అతనికి ఇంకో పని లేదు. పొద్దున లేచి వెళ్లే చోటు లేదు. అమ్మ పోయాక ఆర్నెల్లు అతన్ని నిలబెట్టింది ఈ నేలలే. ఆమె కలం తీసుకుంది.

"అక్కా," అన్నాడు మూలలోంచి.

ఊగడం ఆగింది. చేతులు చెవుల మీంచి దిగాయి.

"ఇంటికెళ్దాం నాన్నా, ఒక్క నిమిషం."

"అక్కా, అడుగు."

"ఏం అడగాలిరా?"

"ఏవి పగలగొట్టావురా అని అడుగు."

కలం కాగితం మీద ఆనకుండానే ఆగింది. ఇరవై ఎనిమిదేళ్లు. ఎన్ని గడియారాలు, ఎన్ని అద్దాలు, ఎన్ని బల్బులు. ఈ ఒక్క ప్రశ్న మాత్రం అమ్మ వెయ్యలేదు, తనూ వెయ్యలేదు. లాండ్రీలో దుప్పటి చిరిగితే దాని మూల అంకె చూసి, ఏ మిషన్లో చిరిగిందో కనుక్కుని గాని ఎవరి జీతంలోంచీ కొయ్యరు. దుప్పటికి జరిగే విచారణ తమ్ముడికి జరగలేదు.

ఆమె కలానికి మూత పెట్టింది.

"ఏవి పగలగొట్టావురా?"

అతను లేచి గోడవైపు చూపించాడు. అప్పుడు చూసింది ఆమె. ముక్కలన్నీ గోడ వారగా వరసగా పేర్చి ఉన్నాయి. ఈ గంటన్నరలో అతను ఏ ముక్క ఏ టైల్‌దో చూసి, అంచుకి అంచు కలిపి, వీపు పైకి వచ్చేలా బోర్లా పరిచి, మళ్లీ మూలకి చేరాడు. పదకొండు వీపులు.

"ఇవి," అన్నాడు వరస వెంట నడుస్తూ. "ఐదు ముద్దలు. ఐదు ముద్దలు. ఐదు. ఐదు..." ఎనిమిదో దాని దగ్గర ఆగాడు. ప్రతి వీపు మీదా ఎండిపోయిన ఐదు బిళ్లలు, మధ్యంతా నున్నగా ఖాళీ. "ఎనిమిది డొల్ల."

తర్వాతి మూడింటి మీద ఖాళీ లేదు. వీపంతా జిగురు, పళ్ల తాపీ గీసిన చాళ్లు దువ్విన తలలా ఉన్నాయి.

"ఇవి గట్టివి. వీటి మీద నేను సున్నా పెట్టలేదు. గట్టివని తెలుసు. మిషన్ మోగుతోంది. చెయ్యి ఆగలేదు." మూడింటినీ వేలితో చూపించాడు. "మూడు నావి. ఎనిమిది నావి కావు. మూడింటికి నేనిస్తాను."

కాంట్రాక్టరు తొడ చరుచుకుని నవ్వాడు. "నువ్విస్తావా! ఎక్కణ్ణించిస్తావురా?"

"నా కూలీలోంచి. ఈ వారం కూలీ నా చేతికివ్వండి. అందులోంచి ఇస్తాను."

"చూశావా అమ్మా వీడి వరస? మతిలేనివాడి మాటలు పట్టుకుని..."

"మతిలేనివాడికి సుత్తి ఎందుకిచ్చారు?" అంది అక్క.

తెరిచిన డబ్బాకి మూత పెట్టేసింది.

"ఏంటీ?"

"పద్నాలుగేళ్లు పని చేయించుకునేటప్పుడు మతి ఉంది. కూలీ ఇచ్చేటప్పుడు లేదు. టైల్స్ పగిలితే మళ్లీ వచ్చింది, నష్టం కట్టాలిగా. సంతకం దగ్గర మళ్లీ పోయింది. ఒక్క పొద్దున ఇన్నిసార్లు వచ్చిపోతుందా అండీ మతి?"

"నోరు లేస్తోందే! కేసు పెడతాను, అప్పుడు తెలుస్తుంది."

"పెట్టండి. ఎవరి మీద పెడతారు? పగలగొట్టింది వీడు. వీడి పేరు రాయండి, వీడే వచ్చి చెప్పుకుంటాడు, మూడు నావని. నా పేరు రాయొద్దు. నేను ఒక్క టైల్ కూడా పగలగొట్టలేదు. వచ్చేటప్పుడు ఈ పదకొండు వీపులూ పట్టుకునే వస్తాం."

కాంట్రాక్టరు మేస్త్రీ వైపు తిరిగాడు. ఇంతసేపూ మేస్త్రీ తలుపు పక్కన నిలబడి తాపీ గీక్కుంటున్నాడు. ఇంట్లో ఆరుగురికి ఒక్క సంపాదన. కాంట్రాక్టరు అతని దగ్గరికి వెళ్లి, గొంతు తగ్గించి అన్నాడు.

"పెద్దాయనా, నువ్వైనా చెప్పు. ఐదు ముద్దలు అందరూ వేసేదేగా."

మేస్త్రీ కూడా గొంతు తగ్గించాననుకున్నాడు. అలా అనుకునే జవాబు చెప్పాడు.

"అందరూ వెయ్యరండీ! మీరేగా వాళ్లని వెయ్యమన్నది! జిగురు బస్తాలు సగం మీ ఇంటికి దింపించారు కదా, ఆటోలో నేనే ఎక్కించా!"

గోడలకి ఇంకా సున్నం కూడా వెయ్యని ఖాళీ ఆస్పత్రి. ఆ మాట ప్రతి గదిలోనూ ఒకసారి తిరిగొచ్చింది.

"మెల్లగా మాట్లాడవయ్యా!"

"మెల్లగానే కదండీ అంటున్నాను!"

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. పళ్ల డాక్టరమ్మ తలుపు దగ్గర ఆగి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. గోడ వారగా ఉన్న వీపుల్ని ఒక చివర్నుంచి ఇంకో చివరికి చూసింది. తర్వాత నేల మీద మిగిలిన సుద్ద సున్నాలు లెక్కపెట్టింది. తొమ్మిది.

"నా కుర్చీ బిగించేది ఎక్కడ?" అని అడిగింది కాంట్రాక్టర్ని.

కాంట్రాక్టరు చూపించాడు. కుర్చీ కాళ్లు పడే చోట సున్నాలు రెండున్నాయి.

"మళ్లీ వెయ్యండి," అందామె. "మొత్తం."

కాగితం కాంట్రాక్టరు చేతిలో నలిగి గోళీ అయింది. అయినా ఓడినట్టు మాత్రం ఒప్పుకోలేదు. జేబులోంచి వారం కూలీ తీసి లెక్కపెట్టి, అలవాటుగా అక్క ముందుకి చాచాడు. అక్క చేతులు వెనక్కి పెట్టుకుంది. డబ్బు గాల్లో అలాగే ఉండిపోయింది. చివరికి టకటక చెయ్యి చాచి తీసుకున్నాడు.

అతను మళ్లీ లెక్కపెట్టాడు. తొందరపడలేదు. మూడు టైల్స్ ఖరీదు, వాటిని మళ్లీ వేసే కూలీ విడిగా తీసి కాంట్రాక్టరు చేతిలో పెట్టాడు.

"చీటీ," అన్నాడు.

"ఏం చీటీ?"

"మూడింటికి ముట్టిందని."

డాక్టరమ్మ అక్కడే నిలబడి ఉంది గనుక కాంట్రాక్టరు రాసిచ్చాడు. రాసిచ్చి, "రేపట్నించి నా సైట్ల దగ్గర కనిపించకు," అన్నాడు.

"సరే," అన్నాడు టకటక. చెవులకి మూతలు పెట్టుకుని మెట్లు దిగాడు. దిగుతూ ఒక్కో మెట్టూ తడుతూనే ఉన్నాడు.

ఇది గెలుపు కథ అని ఎవరైనా అనుకుంటే నేను ఒప్పుకోను. పని పోయింది. యాభై రెండు రోజులు అతను ఇంట్లో కూర్చున్నాడు. కూర్చోలేక వంటగది గోడంతా తట్టి, నాలుగుచోట్ల సున్నాలు చుట్టాడు. ఇంటివాడికి చూపిస్తే కోప్పడ్డాడు. అక్క రెండు పూటలా లాండ్రీకి వెళ్లింది. మేస్త్రీ ఆ కాంట్రాక్టరు దగ్గరే ఉండిపోయాడు. ఆరుగురికి ఒక్క సంపాదన అన్నాను కదా, అతన్ని అనడానికి నాకు నోరు రాదు. అతనూ ఊరికే ఉండలేదు. యాభై మూడో రోజున వచ్చి, బిల్డింగు మొత్తానికి వినపడేలా రహస్యం చెప్పాడు.

"అవతలి వీధిలో బడి కడుతున్నారబ్బాయ్! అక్కడ కాంట్రాక్టరమ్మ వేరే ఆవిడ! నీ సంగతంతా చెప్పాను, మూడు టైల్స్ సంగతి కూడా చెప్పాను!"

"కూలీ ఎవరి చేతికి?" అంది అక్క.

"వాడి చేతికే! పూచీ కాగితం లేదు! చెవుల మూతలు పెట్టుకోవచ్చు! మరి వెంట్రుకంత తేడాకి లేపి మళ్లీ వేస్తే మాత్రం ఆవిడ తంతుందట!"

టకటక కాసేపు ఆలోచించాడు. "వెంట్రుక కన్నా ఎక్కువైతే?"

"అప్పుడు లేపు!"

మొదటి వారం కూలీ తెచ్చిన రోజు సాయంత్రం అతను కుర్చీ వేసుకుని పై అర మీంచి నీలం డబ్బా దించాడు. లోపల మిగిలిన డబ్బంతా బల్ల మీద బోర్లించి అక్క వైపు తోశాడు. "ఇది నీది. కుట్టుమిషను." డబ్బా మాత్రం తన దగ్గర పెట్టుకున్నాడు. అందులో తన కూలీ, సుద్దముక్క, మూడు టైల్స్ చీటీ పెట్టాడు.

"మరి పగిలితే?" అంది అక్క. అలవాటు అంత తొందరగా వదలదు.

"నేను పగలగొడితే నా డబ్బాలోంచి."

"నువ్వు కాకపోతే?"

అతను ఆ ప్రశ్న కోసమే చూస్తున్నట్టు డబ్బా చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. అక్క వెనకాలే వెళ్లింది. అతను మెట్లెక్కి, మేడత్త తలుపు మీద రెండుసార్లు తట్టాడు.

మేడత్త తలుపు తీసింది. కాళ్ల దగ్గర ముసలి పిల్లి ఒకటి ఒళ్లు విరుచుకుంటోంది.

"ఏంట్రా టకటకా, ఇంత పొద్దుపోయాక?"

"పూలకుండీ," అన్నాడు.

"ఏ పూలకుండీ?"

"ఎర్ర మట్టిది. అంచుకి తెల్ల గీత. నాకు పదహారేళ్లప్పుడు. దీని తల్లి పగలగొట్టింది. మా అమ్మ డబ్బులిచ్చింది. తిరిగివ్వండి."

మేడత్త ముందు నవ్వింది. అతను నవ్వకపోవడం చూసి ఆగిపోయింది. తర్వాత అతని భుజం మీదుగా అక్క వైపు చూసింది. బిల్డింగులో అందరూ ఎప్పుడూ చూసే చూపే అది. వీణ్ణి తీసుకెళ్లమ్మా, నువ్వైనా ఏదో ఒకటి చెప్పమ్మా అనే చూపు.

"ఏంటే ఇది? పద్దెనిమిదేళ్ల కిందటి కుండీకి ఇప్పుడు వీడు... చెప్పవే వాడికి!"

అక్క ఒక్క క్షణం తల దించుకుంది. అప్పటిదాకా ఆ చూపుకి లొంగని మనిషి ఆ ఇంట్లో పుట్టలేదు. తర్వాత తల ఎత్తి, తమ్ముడి పక్కన నిలబడింది.

"నన్నడుగుతారేంటత్తా?" అంది. "వాణ్ణి అడగండి. ఎవరు పగలగొట్టారో వాడికి తెలుసు."

"పిల్లి," అన్నాడు టకటక. డబ్బా మూత తీసి, ఖాళీ చోటు కనిపించేలా ముందుకి చాచి నిలబడ్డాడు.

మేడత్త లోపలికీ వెళ్లలేదు, తలుపూ వెయ్యలేదు. కింది అంతస్తుల్లో ఒకరి తర్వాత ఒకరు తలుపులు తీసుకుని మెట్ల దగ్గరికి వచ్చి పైకి చూస్తున్నారు. వాళ్లలో ఎవరెవరు ఏ బల్బుకి, ఏ సైకిలు అద్దానికి ఎంత తీసుకున్నారో అతనికి గుర్తుంది. అతనికి తొందరేమీ లేదు. ఎంతసేపైనా అలా నిలబడగలడు.